పంపు, సీజీఎం పెట్టుకున్నాక వాటికి తెలీనివి మనకి తెలియాలి

ఇన్సులిన్‌ని ఒంట్లోకి పంపే పంపు, షుగర్‌ని అదేపనిగా చూస్తుండే సెన్సర్ అంటే సీజీఎం, రెండూ ఒంటికి తగిలించుకున్న మొదటి వారం దాదాపు అందరిదీ ఒకటే మాట, హమ్మయ్య ఇక షుగర్ సంగతి అదే చూస్కుంటుంది అని. నేనూ అలాగే అనుకున్నా, రోజుకి నాలుగైదు సార్లు పొడుచుకునే బాధ పోయింది, రెండు మూడ్రోజులకోసారి సెట్ (పంపు నుంచి చర్మంలోకి వెళ్ళే ట్యూబ్, సూది భాగం) మార్చడం, గడువు అయ్యాక సెన్సర్ మార్చడం, అంతే కదా అని. అంతే కాదు. ఇన్నేళ్ళు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే మెషీన్ మంచిదే, మళ్ళీ ఇన్సులిన్ పెన్నులకి వెళ్ళమంటే నేను వెళ్ళను, కానీ దానికి తెలీని విషయాలు కొన్ని ఉన్నాయి, అవి మనం కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఇక్కడ రాసేదంతా వాటి గురించే. డోసులు, రేట్లు, టార్గెట్లు మాత్రం మీ డాక్టర్ పెట్టినవే మీవి, నేను చెప్పే లెక్కలు ఉదాహరణకే, వాటిని ఎత్తి మీ పంపులో పెట్టేయకండి.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కాలి

పెన్నుతో వేసుకునే రోజుల్లో లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఒకటి చర్మం కింద నిల్వ ఉండి రోజంతా మెల్లగా పనిచేసేది. పంపులో ఆ నిల్వ లేదు. పంపులో పోసేది త్వరగా పనిచేసే ర్యాపిడ్ యాక్టింగ్ ఒక్కటే, లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటివి, అదే చుక్క చుక్కగా బేసల్‌గా వెళ్తుంది, తిన్నప్పుడు అదే ఒకేసారి ఇచ్చే డోసుగా, అంటే బోలస్‌గా వెళ్తుంది. అంటే ట్యూబ్ ఊడినా, చర్మంలో ఉన్న చిన్న గొట్టం, అంటే క్యాన్యులా మడతపడినా, ఒంట్లో ఉన్న ఇన్సులిన్ కొన్ని గంటల్లోనే అయిపోతుంది, ఆ తర్వాత కీటోన్స్ (ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వుని కరిగిస్తే పుట్టే ఆమ్లాలు) మొదలవుతాయి, పట్టించుకోకపోతే డీకేఏ, అంటే అవి రక్తంలో పేరుకుని ప్రాణం మీదకి వచ్చే స్థితి దాకా పోతుంది. అందరం షుగర్ ‘లో’ అవుతుందేమో, అంటే మరీ పడిపోతుందేమో అని భయపడుతూ ఉంటాం, దానికి సెన్సర్ అరుస్తుంది, సెన్సర్‌తో కలిసి పనిచేసే పంపు అయితే ఇన్సులిన్ కూడా ఆపుతుంది. చడీచప్పుడు లేకుండా దెబ్బతీసేది మాత్రం ఇన్సులిన్ లోపలికి వెళ్ళకపోవడమే.

మొదలుపెట్టే ముందు కాగితం, సంచి, గడియారం

పంపు మెనూలోకి వెళ్ళి గంటల వారీగా బేసల్ రేట్లు, ఒక యూనిట్‌కి ఎన్ని గ్రాముల కార్బ్స్ (పిండిపదార్థాలు), ఒక యూనిట్‌కి ఎంత షుగర్ తగ్గుతుంది, టార్గెట్ ఎంత, యాక్టివ్ ఇన్సులిన్ టైమ్ (ఒక డోసు ఒంట్లో పనిచేసే సమయం) ఎన్ని గంటలు, ఇవన్నీ కాగితం మీద రాస్కోండి, ఫోటో తీసి కూడా పెట్టుకోండి. పంపు చచ్చిపోతే అంకెలన్నీ దానితోపాటే పోతాయి. రోజు మొత్తానికి బేసల్ ఎన్ని యూనిట్లో రాసి, పంపు ఆగిపోతే లాంగ్ యాక్టింగ్ ఎంత వేసుకోవాలో డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పక్కనే రాయించుకోండి, అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసి అడిగే ప్రశ్న కాదది. డాక్టర్ సెట్టింగ్స్ మార్చిన ప్రతిసారీ ఆ కాగితం కూడా మార్చాలి. ఆటో మోడ్‌లో (సెన్సర్ అంకె చూసి పంపే ఇన్సులిన్‌ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉండే పద్ధతి) ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే సెన్సర్ పోయినప్పుడు పంపు ఆ పాత మాన్యువల్ బేసల్ మీదకే వస్తుంది, రెండేళ్ళ క్రితం పెట్టిన రేటు ఇప్పటి ఒంటికి సరిపోకపోవచ్చు.

సంచి అంటే ఎక్కడికి వెళ్ళినా వెంట ఉండేది: ర్యాపిడ్ పెన్ను, నీడిల్స్, గ్లూకోమీటర్, స్ట్రిప్స్, కీటోన్ స్ట్రిప్స్, ఒక సెట్టు, ఒక రిజర్వాయర్ (పంపులో ఇన్సులిన్ నింపే భాగం), బ్యాటరీ లేదా చార్జర్, గ్లూకోజ్ ట్యాబ్లెట్లు. ఊరెళ్తుంటే లాంగ్ యాక్టింగ్ పెన్ను కూడా, సెట్లు మామూలుగా అయ్యేవాటికి రెట్టింపు. ఎక్స్‌పైరీ డేట్లు అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి, నా సంచిలో ఓసారి గడువు దాటి ఏడాదైన కీటోన్ స్ట్రిప్స్ దొరికాయి, ఏడాదంతా ధైర్యంగా మోసుకు తిరిగా వాటిని.

తర్వాత పంపులో టైమ్ చూడండి. బ్యాటరీ మార్చాకో, వేరే దేశం వెళ్ళొచ్చాకో ఏఎం ఉండాల్సిన చోట పీఎం పడిందనుకోండి, పగలు వెళ్ళాల్సిన రేటు రాత్రి వెళ్తుంది, పంపుకి అది తప్పని తెలీదు, దాని ప్రకారం అది కరెక్టుగానే ఇస్తోంది. అలాగే మ్యాక్స్ బోలస్ లిమిట్ మీరు మామూలుగా వేసుకునే పెద్ద డోసుకి కొంచెం పైన ఉండేలా డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి, 5 నొక్కబోయి 50 నొక్కితే అదే అడ్డుపడేది. పిల్లల పంపు అయితే లాక్ తప్పనిసరి.

సెట్ మార్చడం

మామూలు సెట్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి, స్టీల్ సూది ఉన్నవి ఇంకా ముందే. బాగానే ఉంది కదా ఇంకో రోజు లాగుదాం అని అందరికీ అనిపిస్తుంది, నాలుగో రోజు కారణం తెలీకుండా షుగర్ 280 (ఇక్కడి షుగర్ అంకెలన్నీ mg/dL లో) దగ్గర కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది. ఏడు రోజులు ఉంచుకునేలా తయారైన సెట్లు వేరే ఉన్నాయి, మీది ఏ రకమో ప్యాకెట్ మీద చూస్కోండి.

ఎప్పుడు మార్చాలి అంటే పొద్దున్నో మధ్యాహ్నమో, భోజనానికి ముందైతే ఇంకా మంచిది, ఆ బోలస్ పనిచేసిందో లేదో రెండు గంటల్లో తెలిసిపోతుంది. పడుకునే ముందు మాత్రం వద్దు. నేనిది కష్టపడి నేర్చుకున్నా, ఓ రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో సెట్ మార్చి పడుకున్నా, రెండున్నరకి సెన్సర్ అరిస్తే చూస్తే 340, పంపు స్క్రీన్ మీద అంతా మామూలే, ఒక్క అలారం లేదు. చొక్కా ఎత్తి చూస్తే టేపు తడిగా ఉంది, వేలితో తాకి వాసన చూస్తే ఆ ఇన్సులిన్ వాసన, ఇంజెక్షన్ రూమ్‌లో వచ్చే మందు వాసనలా ఉంటుంది కదా, అదే. క్యాన్యులా చర్మంలోకి దిగనే లేదు, మూడున్నర గంటలు ఇన్సులిన్ అంతా టేపుకి తాగించా. ట్యూబ్‌లో ఎక్కడైనా అడ్డు తగిలితే పంపుకి తెలుస్తుంది, అది కూడా బేసల్ చిన్నదైతే గంటల తర్వాత, కానీ బయటికి కారిపోతుంటే దానికి అసలు తెలీదు, అది తోస్తోంది, మందు పోతోంది, దాని దృష్టిలో పని అయిపోయినట్టే.

ఇక చేసే పద్ధతి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఇన్సులిన్ అలాగే నింపకండి, గది వేడికి వచ్చాక నింపండి, చల్లగా నింపితే వేడెక్కేకొద్దీ బుడగలు వస్తాయి. బుడగ లోపలికి వెళ్తే ప్రాణానికేం కాదు, చర్మం కిందకే కదా వెళ్ళేది, కానీ ఆ బుడగ ఉన్నంత మేర ఇన్సులిన్ లేనట్టే, మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉంటాయి కాబట్టి చిన్న గాలి కూడా లెక్కలోకి వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి, చోటు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద టేపు అంటుకోదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: ట్యూబ్ నింపేటప్పుడు ట్యూబ్ మీ ఒంటికి తగిలి ఉండకూడదు. ఎప్పుడూ. ట్యూబ్ నింపడం అంటే పది పదిహేను యూనిట్లు దాకా తోస్తుంది, అది ఒంట్లోకి పోతే ఎంత లో అవుతుందో ఊహించుకోండి, పైగా పంపు దాన్ని డోసుగా లెక్కే పెట్టదు. ముందు విడదీయండి, ట్యూబ్ చివర చుక్క కనపడేదాకా నింపండి, అప్పుడు తగిలించి క్యాన్యులా నింపే చిన్న డోస్ మాత్రం ఇవ్వండి, అది ఎంతో మీ సెట్ ప్యాకెట్‌లో ఉంటుంది.

చోటు విషయానికొస్తే బొడ్డుకి రెండంగుళాలు దూరంగా, పోయినసారి పెట్టిన దానికి కనీసం అంగుళం దూరంగా, సెన్సర్‌కి మూడంగుళాలు దూరంగా. ఒకే చోట నొప్పి పుట్టట్లేదని అక్కడే పెడుతుంటే చర్మం కింద మెత్తటి గడ్డలా కడుతుంది, చేత్తో తడిమితే రబ్బరులా తెలుస్తుంది, అందులో పెట్టిన ఇన్సులిన్ ఎప్పుడు ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు. నొప్పి లేదంటే సంతోషించాల్సింది కాదు, అనుమానించాల్సింది. సెట్ పెట్టాక గంటన్నర, రెండు గంటలకి షుగర్ ఒకసారి కచ్చితంగా చూడండి.

షుగర్ ఎక్కి దిగకపోతే

ఇది ప్రింట్ తీసి అద్దానికి అంటించుకునేంత ముఖ్యం. సెన్సర్ 250 దాటి చూపిస్తోంది, తిన్నదానికి లెక్క కుదరట్లేదు. మొదట వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూడండి. నిజమే అయితే కీటోన్స్ చూడండి. రక్తంలో చూసే కీటోన్ మీటర్‌లో 0.6 (mmol/L) లోపు ఉంటే మామూలు, పంపుతోనే కరెక్షన్ బోలస్ (ఎక్కిన షుగర్‌ని దించే డోసు) ఇచ్చి గంట, గంటన్నర ఆగి మళ్ళీ చూడండి. దిగుతోందా, సరే. దిగట్లేదా, ఇక పంపుని నమ్మకండి, అదే సెట్‌లోంచి ఇంకో బోలస్ ఇస్తే అది కూడా గాల్లో కలిసినట్టే. పెన్నుతో వేసుకోండి, సెట్, ట్యూబ్, రిజర్వాయర్ మొత్తం మార్చండి, ఇన్సులిన్ వయల్ కూడా ఎండలోనో కారులోనో ఉండిందేమో గుర్తు తెచ్చుకోండి, అనుమానం ఉంటే కొత్తది తెరవండి. మొదటిసారే కీటోన్స్ 0.6 దాటి ఉంటే గంట ఆగడం కూడా వద్దు, నేరుగా పెన్ను, కొత్త సెట్టు, బాగా నీళ్ళు. 1.5 దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, 3 దాటినా, వాంతులు అవుతున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి, ఇంట్లో కూర్చుని సరిచేసేది కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది, ఎవరూ ముందు చెప్పరు. సెట్ పాడైనప్పుడు పంపు ఇచ్చాననుకున్న ఇన్సులిన్ అంతా యాక్టివ్ ఇన్సులిన్ లెక్కలో చూపిస్తుంది, ఒంట్లోకి వెళ్ళింది మాత్రం సున్నా. అందుకని కరెక్షన్ అడిగితే ఇంకా మూడు యూనిట్లు ఉంది, వద్దు అంటుంది. దీనికి సరిగ్గా ఉల్టా, పెన్నుతో వేసుకున్నది పంపుకి తెలీదు, ఆటో మోడ్‌లో ఉంటే షుగర్ ఎక్కువుందని తనూ ఇంకా ఇస్తూ పోతుంది, రెండూ కలిసి నాలుగ్గంటల తర్వాత ఢమాలున పడిపోతారు. పెన్ను వాడాక పెన్ను ఇన్సులిన్‌ని ఎంటర్ చేసే వీలు మీ పంపులో ఉంటే చెయ్యండి, లేకపోతే కొన్ని గంటలు మాన్యువల్‌లో పెట్టండి, ఎన్ని గంటలో మీ డాక్టర్‌ని ముందే అడిగి కాగితం మీద రాస్కోండి.

సెట్ బాగానే ఉన్నప్పుడు మాత్రం ఆ యాక్టివ్ ఇన్సులిన్ లెక్కని గౌరవించాలి. ఉదాహరణకి షుగర్ 260, టార్గెట్ 110, ఒక యూనిట్‌కి 50 తగ్గుతుంది అనుకుంటే మూడు యూనిట్లు కావాలి, కానీ ఇందాకటి బోలస్‌లో ఇంకా రెండు పనిచేస్తూ ఉంటే ఇవ్వాల్సింది ఒకటే. విసుగొచ్చి అరగంటకోసారి బోలస్ కొడుతూ పోతే అన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఒకేసారి పడగొడతాయి. ఆటో మోడ్‌ని మోసం చేద్దామని తినని కార్బ్స్ ఎంటర్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది ఓసారి పనిచేస్తుంది, రెండోసారి రాత్రి మూడింటికి లేపుతుంది.

సెన్సర్ ఎంతవరకు నమ్మాలి

సీజీఎం చూసేది రక్తంలో షుగర్ కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలోది. అందుకే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనక నడుస్తుంది. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు తేడా పెద్దగా తెలీదు, వేగంగా ఎక్కుతున్నప్పుడో దిగుతున్నప్పుడో తెలుస్తుంది. అంకె ఒక్కటే చూడకండి, బాణం కూడా చూడండి, చాలా సెన్సర్లలో నిలువుగా కిందకి బాణం ఉందంటే నిమిషానికి 2 కంటే ఎక్కువ పడుతోందని, అంటే 110 చూపిస్తున్నా పదిహేను నిమిషాల్లో 80 కిందకి పోవచ్చు. 110, బాణం అడ్డంగా ఉంటే హాయిగా ఉండండి, అదే 110, బాణం కిందకి ఉంటే బండి నడపకండి.

కొత్త సెన్సర్ మొదటి రోజు కొంచెం తిక్కగా ఉంటుంది, ఆ రోజు వేలు గుచ్చడం బద్ధకించొద్దు. సెన్సర్ ఉన్న పక్కకే తిరిగి పడుకుంటే అది నొక్కుకుని ఉన్నట్టుండి 50 అని అరుస్తుంది, ఇంకో పక్కకి తిరిగితే పది పదిహేను నిమిషాల్లో మామూలైపోతుంది, గ్రాఫ్‌లో బావిలా నిలువుగా దిగి నిలువుగా లేస్తే అదే అనుకోండి. సెన్సర్ ఒకటి చెప్తోంది, ఒళ్ళు ఇంకోటి చెప్తోంది అంటే ఎప్పుడూ వేలు గుచ్చి చూసినదే లెక్క, అదీ చేతులు కడుక్కుని, తీపి అంటిన వేలు గుచ్చితే మీటర్ కూడా అబద్ధమే చెప్తుంది. క్యాలిబ్రేషన్ (వేలు గుచ్చి చూసిన అంకె ఇచ్చి సెన్సర్‌ని సరిచేయడం) ఉన్న సెన్సర్ అయితే బాణం అడ్డంగా ఉన్నప్పుడే చెయ్యాలి.

మందులు కూడా సెన్సర్‌ని తికమక పెడతాయి. కొన్ని మోడళ్ళకి పారాసిటమాల్ పడదు, కొన్నిటికి ఎక్కువ డోసు విటమిన్ సి పడదు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, ఆటో మోడ్‌లో పంపు ఆ దొంగ అంకెని చూసి ఇన్సులిన్ ఇచ్చేస్తుంది. మీ సెన్సర్‌కి ఏది పడదో బుక్‌లెట్‌లో ఉంటుంది, జ్వరం రాకముందే చదివి పెట్టుకోండి.

లో అయినప్పుడు

70 కిందకి వస్తే 15 గ్రాముల గ్లూకోజ్, పదిహేను నిమిషాలు ఆగి వేలు గుచ్చి చూడటం, అందరికీ తెలిసిందే. పంపు వాళ్ళకి రెండు తేడాలు. ఒకటి, ఆటో మోడ్ పంపు అప్పటికే బేసల్ తగ్గించో ఆపేసో ఉంటుంది కాబట్టి చాలామందికి 5 నుంచి 10 గ్రాములే సరిపోతుంది, మీకెంతో డాక్టర్‌తో తేల్చుకోండి. రెండు, సెన్సర్ పైకి రావడం కూడా ఆలస్యమే, రక్తంలో షుగర్ లేచినా స్క్రీన్ మీద ఇంకా 62 అనే ఉంటుంది, భయపడి డబ్బా ఖాళీ చేస్తే గంటకి 250. ఈ గ్లూకోజ్‌కి బోలస్ ఇవ్వకండి, కొత్తలో అలవాటు కొద్దీ ఇచ్చేస్తారు, నవ్వకండి, నేనూ ఇచ్చా.

ఫోన్ మీద నమ్మకం

అలర్టులు ఫోన్‌కి వచ్చే పంపో సెన్సరో అయితే ఈ పని ఇవాళే చెయ్యండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తగిలించి, మూడు రకాలుగానూ అలర్ట్ వినపడుతోందో లేదో చూడండి. 2025 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సరిగ్గా దీని గురించే హెచ్చరించింది, ఫోన్ సెట్టింగ్స్ మారడం వల్ల, ఓఎస్ అప్‌డేట్ వల్ల అలర్టులు రాకుండా పోతున్నాయని. అప్‌డేట్ రాగానే నొక్కేయకండి, మీ యాప్‌కి ఆ వెర్షన్ సరిపోతుందో చూసి చెయ్యండి. బ్యాటరీ సేవర్‌లో యాప్‌ని నిద్రపుచ్చకుండా పెట్టండి. ఇంకో సంగతి, అన్ని అలర్టులూ ఆన్ చేసి పెట్టుకుంటే వారంలో విసిగిపోయి అన్నీ ఆపేస్తారు, అది ఇంకా ప్రమాదం. లో, అర్జెంట్ లో, సిగ్నల్ పోయింది అనే మూడూ ఉంచి, హై అలర్ట్ మొదట్లో కొంచెం పైన, 250 దగ్గర పెట్టుకుని, తర్వాత మెల్లగా దించుకోండి.

పంపు తీసే సందర్భాలు

స్నానానికో ఈతకో తీస్తే గంటలోపు తిరిగి పెట్టేయండి, తీసే ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి షుగర్ చూడండి. పక్కన పెట్టిన పంపు మీద ఎండ పడకూడదు. ఎంఆర్‌ఐ గదిలోకి పంపు గానీ స్టీల్ సెట్ గానీ వెళ్ళకూడదు, బుక్‌లెట్‌లో పరవాలేదని ఉంటే తప్ప సెన్సర్ కూడా వెళ్ళకూడదు, సీటీ, ఎక్స్‌రేలకి కూడా చాలా మోడళ్ళు తీసేయమనే చెప్తాయి. వ్యాయామం ఉంటే యాక్టివిటీ టార్గెట్ (వ్యాయామం కోసం పంపులో పెట్టుకునే కొంచెం ఎక్కువ టార్గెట్) మొదలయ్యాక కాదు, గంటో గంటన్నరో ముందే పెట్టాలి, ఇన్సులిన్ తగ్గడానికి టైమ్ పడుతుంది కదా, ఆ రాత్రి లో అయ్యే అవకాశం కూడా గుర్తుంచుకోండి.

జ్వరం, వాంతులు ఉన్న రోజు తినట్లేదు కదా అని పంపు ఆపేయకండి, బేసల్ తినడానికి కాదు, బతకడానికి. రెండు మూడు గంటలకోసారి షుగర్, కీటోన్స్ రెండూ చూడండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకైతే షుగర్ 180 ఉన్నా కీటోన్స్ ఎక్కిపోవచ్చు, సెన్సర్ అంకె చూసి బాగానే ఉందనుకుంటే మోసపోతారు.

చివరిగా ఇంట్లోవాళ్ళు. మీరు స్పృహ తప్పి పడి ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, గ్లూకగాన్ (షుగర్‌ని వెంటనే పెంచే అత్యవసర మందు) ఉంటే ఇవ్వాలి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి, పంపు విడదీయాలి. ఆ చివరిది ఎలాగో ఎవరికీ తెలీదు, గాభరాలో టేపు పట్టుకుని లాగుతారు. నేను పారేయాల్సిన పాత సెట్ ఒకటి అట్టిపెట్టి దానిమీద ఇంట్లో అందరిచేతా చేయించా, రెండు వేళ్ళతో నొక్కి, తిప్పి, లాగడం. మొదటిసారి మావాళ్ళకి నిమిషం పైనే పట్టింది. నాలుగోసారికి కళ్ళు మూసుకుని తీసేశారు.